చిల్లర వేరు, లెక్క వేరు

మదనపల్లె టమోటా మార్కెట్ యార్డులో పొద్దు పొడిచాక ఎవరికీ ఊపిరి సలపదు. ఆటోల్లోంచి, ట్రాక్టర్లలోంచి దిగిన ప్లాస్టిక్ క్రేట్లు మనిషెత్తున పేర్చి ఉంటాయి. ఆ వరసల మధ్య సందుల్లో వేలంపాట నడుస్తుంటుంది. ఆసియాలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఇదొకటని ఊరివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఇక్కడ కమీషను, కూలి, బాడుగ పోను రైతు చేతికి ఎంత వస్తుందన్నది పెదవుల మీదే తేలిపోతుంది. కాగితం తర్వాతెప్పుడో వస్తుంది.

యార్డు గేటు దగ్గర టిఫిన్ బండి ముందు స్టూలు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నారు ఒక రిటైరైన లెక్కల మాస్టారు. గుంటూరు వైపు మనిషి. మూడు దశాబ్దాలు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో బీజగణితం, రేఖాగణితం చెప్పారు. తొమ్మిదో తరగతి పిల్లలు భాగాహారం దగ్గరే ఆగిపోతుంటే పై తరగతుల పాఠం ఎలా చెప్పాలో సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆయనకు తేలలేదు. ఇప్పుడు తీరిక చిక్కింది. సర్కారు బళ్లలో లెక్కలు బాగుపడాలని ఎక్కడెక్కడ ఏమేం చేస్తున్నారో కళ్లారా చూడాలని బయల్దేరారు. మొదటి మజిలీ రిషీవ్యాలీ అనుకున్నారు గానీ మొదటి పాఠం ఈ టిఫిన్ బండి దగ్గరే ఎదురైంది.

ఆదివారం కావడంతో బండి దగ్గర అమ్మకు సాయంగా పదేళ్ల కుర్రాడు ఉన్నాడు. హమాలీల గుంపు ఒకటి ఇడ్లీలు, పూరీలు, టీలు కానిచ్చి లేచింది. మొత్తం 278 రూపాయలైంది. పెద్దాయన అయిదొందల నోటు చాపాడు. కుర్రాడు గల్లాపెట్టెలో చెయ్యి పెట్టి, పైకి చూడకుండానే, రెండు రూపాయల బిళ్ల తీసి "ఇన్నూట ఎనబై" అన్నాడు. ఇరవై నోటు తీసి "మున్నూరు" అన్నాడు. రెండు వందల నోటు ఒకటి పైన పెట్టి "అయిదొందలు" అని చేతిలో పోశాడు. అంతా కలిపి మూడు సెకన్లు పట్టి ఉంటుంది.

మాస్టారికి ముచ్చటేసింది. "ఏం చదువుతున్నావు నాయనా?"

"అయిదు సార్. గవర్మెంటు బడి."

జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పైన 500, కింద 278 నిలువుగా వేసి, గీత కొట్టి ఇచ్చారు. కుర్రాడు పెన్ను పట్టుకోగానే మొహంలో రంగు మారింది. పెదవి కొరుక్కుంటూ కుడి నుంచి మొదలుపెట్టాడు. సున్నా కింద ఎనిమిది ఉంది కాబట్టి ఎనిమిది. సున్నా కింద ఏడుంది కాబట్టి ఏడు. అయిదులో రెండు పోతే మూడు. జవాబు 378.

"ఇందాక ఆయనకు ఇన్నూట ఇరవై రెండే ఇచ్చావు కదరా?"

"అది చిల్లర సార్," అన్నాడు వాడు, ఇంత పెద్దాయనకు ఈ మాత్రం తెలియదా అన్నట్టు. "ఇది లెక్క."

"పోనీ మూడు వందల డెబ్బై ఎనిమిది ఇచ్చుంటే?"

"మా యమ్మ వీపు పగలగొడతాది."

ఆ 378 ఊహించి రాసింది కాదు. దాని వెనక ఒక నియమం ఉంది. ఏ వరసలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలి, పైనున్నదేది, కిందున్నదేది అని చూడక్కర్లేదు. వాడు దాన్ని తుచ తప్పకుండా పాటించాడు. లోకంలో తీసివేత నేర్చుకునే పిల్లలు చాలామంది చేసే తప్పే ఇది. వాడి కళ్లకు 500 అంటే మూడు విడివిడి అంకెలు. గల్లాపెట్టెలోనైతే అది ఒక నోటు.

మాస్టారు ఇడ్లీ చల్లారిపోయేదాకా ఆ కాగితం చూస్తూ కూర్చున్నారు. ఇలాంటి 378ల మీద తన ఎర్రసిరా పెన్ను ఎన్ని ఇంటూ గుర్తులు వేసిందో ఆయనకే లెక్క లేదు.

ఈ సంగతి మదనపల్లెలోనే మొదటిసారి బయటపడింది కాదు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో టెరిజిన్యా నూనిస్, డేవిడ్ కరాహెర్, అనలూసియా ష్లీమన్ అనే ముగ్గురు పరిశోధకులు వీధుల్లో సరుకులమ్మే పిల్లల దగ్గరికి కొనేవాళ్లలా వెళ్లారు. కొబ్బరికాయ 35 క్రుజేరోలు. పది కాయలు ఎంతని అడిగితే పన్నెండేళ్ల పిల్లవాడు మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, మరో మూడు కలిపితే 315 అని పోగేసుకుంటూ వచ్చి 350 చెప్పాడు. పదితో హెచ్చవేయాలంటే చివర సున్నా పెడితే సరిపోతుందన్న బడి సూత్రం వాడికి గుర్తే రాలేదు. బజారులో ఆ పిల్లలు చెప్పిన జవాబుల్లో 98 శాతం సరైనవి. అలాంటి లెక్కల్నే తర్వాత కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 శాతం మించలేదు. ఇది అచ్చయింది 1985లో.

నలభై ఏళ్ల తర్వాత, 2025లో, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో చేసిన పరిశోధన నేచర్ పత్రికలో వచ్చింది. కిలో ఇరవై చొప్పున ఎనిమిది వందల గ్రాముల బంగాళాదుంపలు, కిలో పదిహేను చొప్పున కిలో నాలుగు వందల గ్రాముల ఉల్లిపాయలు కలిపి ఎంతంటే తడుముకోకుండా చెప్పగలిగిన పిల్లలు, పాఠ్యపుస్తకం తరహా తీసివేతలు, భాగాహారాల దగ్గర చతికిలబడ్డారు. వాళ్లలో ఎక్కువమంది బడికి వెళ్తున్నవాళ్లే. పరిశోధకులు రెండోవైపు కూడా చూశారు. అంగడి మొహం ఎరగని బడిపిల్లలు కాగితం మీద నయమే గానీ, బేరం లెక్క వచ్చేసరికి తడబడ్డారు. బజారు తెలివి బడిలోకి రావడం లేదు, బడి తెలివి బజారుకు పోవడం లేదు.

మదనపల్లె నుంచి రిషీవ్యాలీ ఇరవై కిలోమీటర్ల లోపే. బండరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుట్టల మధ్య నుంచి బస్సు పోతుంటే మాస్టారికి జిడ్డు కృష్ణమూర్తి గుర్తొచ్చారు. 1895లో మదనపల్లెలో పుట్టిన ఆ పిల్లవాణ్ణి చిన్నప్పుడు పంతుళ్లు మొద్దు కింద జమకట్టారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. ఆయన ప్రేరణతోనే 1926లో ఈ లోయలో విద్యాసంస్థకు పునాది పడింది. పేరున్న ఆ రెసిడెన్షియల్ స్కూలు చూడటానికి మాస్టారు రాలేదు. చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం దాని ఆధ్వర్యంలో నడిచే ఏకోపాధ్యాయ బడుల పద్ధతి ఆయనకు కావాలి.

1980ల్లో ఇక్కడికి వచ్చిన పద్మనాభరావు, రమ దంపతులు ఒక చిక్కుముడితో కుస్తీ పట్టారు. ఒకే గది, ఒకరే టీచరు, ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతుల పిల్లలు. పైగా ఒకడు జాతరకని వారం మానేస్తాడు, ఒకతె వేరుశనగ కోతలకని పది రోజులు రాదు. తిరిగొచ్చేసరికి పాఠం ముందుకు పోయి ఉంటుంది. వాళ్లు పాఠ్యపుస్తకాన్ని ముక్కలు చేసి కార్డులుగా మార్చారు. కార్డుల వరసను గోడమీద నిచ్చెనలా గీశారు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు ఉంటుంది. పిల్లలు తాము ఏ మెట్టు మీద ఉన్నారో నిచ్చెనలో చూసుకుని, ఆ కార్డు తామే తీసుకుని, ఏ చాప మీద కూర్చోవాలో తెలుసుకుని వెళ్లి కూర్చుంటారు. ఒక చాప దగ్గర టీచరు పూర్తిగా దగ్గరుండి చెబుతారు. ఒక చాప వైపు అప్పుడప్పుడు తొంగి చూస్తారు. ఒకచోట పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇంకోచోట ఎవరి పని వారిది. పదిరోజులు రాని పిల్ల తను ఆపిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. వెనకబడటమనే మాటకు ఇక్కడ చోటు లేదు.

ఈ కార్డుల పద్ధతి ఇక్కడే ఆగలేదు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు వచ్చి చూసి వెళ్లి కన్నడంలో 'నలి కలి' మొదలుపెట్టారు. ఆ తర్వాతి దశాబ్దంలో చెన్నై కార్పొరేషన్ బళ్లు, వాటి వెంట తమిళనాడు మొత్తం ఇలాంటి కార్డుల బాట పట్టాయి.

మాస్టారిని ఎక్కువగా ఆపింది మాత్రం మెట్రిక్ మేళా. బడి ఆవరణలో పిల్లలే కొలతల సంత పెడతారు. తూకాలు, కొలపాత్రలు, టేపులు వాళ్ల చేతిలో ఉంటాయి. ఊళ్లోవాళ్లు, ముఖ్యంగా తల్లులు వస్తారు. గుమ్మడికాయ ఎంత బరువుంటుందో ముందు నోటితో అంచనా చెప్పాలి, తర్వాత తూచి చూడాలి. తక్కువో ఎక్కువో ఎంత తేడా వచ్చిందో పిల్లలు కాగితం మీద తీసివేసి చెప్పాలి. బిందెలో ఎన్ని లీటర్లు పడతాయి, పెద్దాయన ఎత్తు ఎన్ని సెంటీమీటర్లు అన్నవీ ఇంతే. టిఫిన్ బండి దగ్గరి చిల్లర, నల్లబల్ల మీది లెక్క ఇక్కడ ఒకే పందిరి కిందికి వస్తాయి.

మర్నాడు పుంగనూరు మీదుగా పలమనేరు. ఆ దారిలో రోడ్డు పక్క ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. మాస్టారి పాత శిష్యుడి బంధువు ఒకావిడ అక్కడ ఎస్జీటీ. రెండు గదులు, ఇద్దరు టీచర్లు. రెండో ఆవిడ ఆ రోజు ట్రైనింగుకు వెళ్లారు. గోడమీద పూసల చట్రం బొమ్మ, పక్కనే మధ్యాహ్న భోజనం మెనూ. ఒకటో తరగతి పిల్లలు వరండాలో చింతపిక్కలు పదేసి కుప్పలు పెడుతున్నారు.

ఇలాంటి బళ్ల పరిస్థితిని ఏటా కాకపోయినా రెండేళ్లకోసారి దేశం ముందు పెట్టేది ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే. వాళ్లు బడికి కాదు, ఇంటికెళ్లి అరుగుమీద కూర్చుని పిల్లల చేత లెక్కలు చేయిస్తారు. 2024 సర్వేలో గ్రామీణ భారతంలోని ప్రభుత్వ పాఠశాలల మూడో తరగతి పిల్లల్లో, అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత వచ్చినవాళ్లు 27.6 శాతం. 2018లో ఇది 20.9. మధ్యలో కోవిడ్ వచ్చిపడినా ఇంత పెరగడం మంచి కబురే. అయితే వందలో డెబ్బైమందికి పైగా ఇంకా ఆ గట్టు ఇవతలే ఉన్నారు. ప్రభుత్వ, ప్రైవేటు కలిపి అయిదో తరగతిలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగింది 30.7 శాతం. తెలంగాణ 2022లో తొలిమెట్టు, అంతకుముందు ఏడాది కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది ఈ గట్టు దాటించడానికే.

"మీ దగ్గర లెక్కల పీరియడ్ ఎట్లా నడుస్తుందమ్మా?" అని అడిగారు మాస్టారు.

"పొద్దున ఒక గంట తరగతులు చూడం సార్," అన్నారు టీచరమ్మ. "అంకెలు గుర్తుపట్టేవాళ్లు ఒక పక్క, కూడికలొచ్చిన వాళ్లు ఒక పక్క, తీసివేతలు వచ్చినోళ్లు ఇంకో పక్క. అయిదో తరగతి వాడు కూడా అంకెల గుంపులో ఉండాడు. మొదట్లో సిగ్గుపడ్డాడు. ఇప్పుడు చిన్నోళ్లకు వాడే లీడరు."

ప్రథమ్ ఏళ్ల తరబడి చెబుతున్నది ఇదే. వయసును బట్టి కాదు, వచ్చినదాన్ని బట్టి గుంపులు కట్టాలి. వినడానికి చిన్న మార్పు. కానీ సిలబస్ ఎంతవరకు అయిందని పై నుంచి అడిగే వ్యవస్థలో, ఆ గంట సేపు పుస్తకం మూసిపెట్టడానికి టీచరుకు అనుమతి కావాలి, ధైర్యం కావాలి.

ఎవరికి ఏది రాదో టీచరుకు తెలిసినంత మాత్రాన చాలదనడానికి ఆంధ్ర దేశంలోనే పాత సాక్ష్యం ఒకటుంది. 2005 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో విశాఖ, నెల్లూరు, కడప, ఆదిలాబాదు, నిజామాబాదు జిల్లాల్లోని వందలాది సర్కారు ప్రాథమిక బళ్లలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు పెద్ద ప్రయోగాలు నడిపారు. ఒక వరస బళ్లలో ఏ పిల్లవాడికి ఏది రాలేదో విడివిడిగా రాసిన నివేదికలు టీచర్ల చేతికిచ్చారు. ఏడాది తర్వాత చూస్తే చదువులో తేడా కనిపించలేదు. పిల్లలు నేర్చుకున్నదాన్ని బట్టి టీచర్లకు కొంత బోనస్ ఇచ్చిన బళ్లలో మాత్రం రెండేళ్లలో లెక్కలు, తెలుగు రెండూ మెరుగుపడ్డాయి. వాటిలో లెక్కలే ఎక్కువ. బోనస్ మంచిదా చెడ్డదా అన్న వాదన అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. ఉట్టి రిపోర్టు కార్డులతో పని జరగదన్నది మాత్రం ఆ రోజే తేలింది.

టీచరమ్మ బల్ల మీద ద్విభాషా పాఠ్యపుస్తకం తెరిచి ఉంది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. పిల్లలు ఇంగ్లీషులో థర్టీన్‌కూ థర్టీకీ తికమకపడుతున్నారని ఆవిడ ఫిర్యాదు. మాస్టారు తలూపారు. తెలుగులో ఇరవై దాటాక అంకెల పేర్లు తిన్నగా ఉంటాయి. నలభై ఏడు అంటే నాలుగు పదులు, పైన ఏడు. మాటలోనే స్థాన విలువ ఉంది. హిందీ పిల్లలు నూరు దాకా దాదాపు ప్రతి పేరూ విడిగా బట్టీ పట్టాలి. చేతిలో ఉన్న ఈ సౌకర్యాన్ని మొదటి రెండేళ్లయినా వాడుకోవడానికి ఎదురు పేజీలో తెలుగు ఉండనే ఉంది.

మాస్టారు ఊరుకోలేక నల్లబల్ల మీద 500 − 278 వేశారు. నాలుగో తరగతి వాళ్లలో ముగ్గురు 378 రాశారు. ఒక పాప లేచి వచ్చి, నిలువు లెక్క పక్కన అడ్డంగా ఒక గీత గీసింది. ఎడమ చివర 278. చిన్న గంతు, 280. పెద్ద గంతు, 300. ఇంకా పెద్ద గంతు, 500. గంతుల మీద 2, 20, 200 వేసి, కింద 222 రాసింది. వాళ్లది చిల్లర కొట్టట.

మాస్టారు చప్పట్లు కొట్టారు. టీచరమ్మ కూడా కొట్టారు గానీ, తర్వాత గొంతు తగ్గించి అడిగారు. "బాగానే ఉంది సార్. పరీక్షలో ఇట్లా రాస్తే మార్కులు ఇయ్యొచ్చునా?"

మాస్టారు వెంటనే జవాబు చెప్పలేదు. సర్వీసులో ఉన్నప్పుడైతే తనేం చేసేవారో ఆయనకు బాగా తెలుసు. జవాబుకు ఒక మార్కు, పద్ధతి లేనందుకు సున్నా.

వి.కోట, శాంతిపురం దాటి కుప్పం చేరేసరికి బస్సులో తెలుగు, తమిళం, కన్నడం కలగాపులగంగా వినిపిస్తున్నాయి. మూడు రాష్ట్రాలు కలిసే మూల ఇది. ఊరి బయట గుడివంక దగ్గర అగస్త్య ఫౌండేషన్ ఆవరణ 172 ఎకరాలు. బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన రామ్‌జీ రాఘవన్ 1999లో ఈ సంస్థను మొదలుపెట్టారు. సర్కారు బడిపిల్లలకు చేతితో ముట్టుకుని నేర్చుకునే సైన్సు, లెక్కలు అందించడం దీని పని. పిల్లలు ఇక్కడికి రాలేకపోతే పరికరాలే వ్యాన్లలో, మోటారు సైకిళ్ల మీద పల్లెలకు వెళ్తాయి. ఆ ఆవరణలోనే 2017లో రామానుజన్ మ్యాథ్ పార్కు వెలిసింది. గణిత శాస్త్రవేత్త సుజాతా రామదొరై, కాగితపు మడతలతో గణితం చెప్పే వి.ఎస్.ఎస్. శాస్త్రి దాని వెనకున్న వాళ్లలో ముఖ్యులు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన తెలుగులో గణిత గ్రంథం రాశాడని క్లాసులో చెప్పి గర్వపడ్డ మాస్టారికి, తెలుగు నేల మీద లెక్కలకంటూ ఒక తోట ఉండటం ఒళ్లు పులకరించే సంగతే.

ఆ రోజు రెండు బస్సుల పిల్లలు వచ్చారు. చెట్టు కింద నలుగురిని కూర్చోబెట్టి, మాస్టారు సంచిలోంచి చింతపిక్కలు తీశారు. ఒక పిక్క పెట్టారు. దాన్ని చుట్టి మూడు పిక్కలు మూల మడిచినట్టు పెడితే రెండు రెళ్ల చదరమైంది. ఇంకో అయిదు పెడితే మూడు మూళ్లు. ఏడు పెడితే నాలుగు నాలుగులు. తొమ్మిదితో అయిదు అయిదులు నిండాక, ఇక చాలని ఆయన చెయ్యి తీసేలోగా ఒక అమ్మాయి సంచిలో చెయ్యి పెట్టేసింది.

"ఎన్ని కావాలి?"

"పదకొండు సార్." లెక్కపెట్టి పరిచింది. ఆరు ఆర్లు. అమ్మాయి తలెత్తి, "ఇది ఎప్పుడూ ఇట్లే వస్తాదా?" అని అడిగింది.

ఆ ప్రశ్న కోసం తన తరగతి గదిలో ఎన్నేళ్లు ఎదురు చూశారో మాస్టారికి తెలుసు. అయితే ఆయనకున్న అనుమానం కూడా చిన్నది కాదు. ఒక్కరోజు పార్కుకు వచ్చి పోతే అది పిక్నిక్. సోమవారం బళ్లో ఏం జరుగుతుందన్నదే అసలు సంగతి. కిట్లు వచ్చి, లెక్క తప్పితే మీద పడుతుందన్న భయంతో బీరువాలో తాళం పడ్డ బళ్లు ఆయన చూసినవే. సరిహద్దు అవతల కర్ణాటకలో అక్షర ఫౌండేషన్ 'గణిత కలిక ఆందోళన' పేరుతో నాలుగు, అయిదు తరగతులకు పూసలు, దిమ్మలు, భిన్నాల పట్టీలు ఇచ్చి ఊరుకోకుండా, గ్రామ పంచాయతీల్లో లెక్కల పోటీలు పెడుతోంది. ఊరందరి ఎదుట పిల్ల పరీక్ష రాస్తే, తల్లిదండ్రులు బడికి వచ్చి లెక్కల గురించి అడుగుతారు. అప్పుడు బీరువా తాళం తీయక తప్పదు.

సాయంత్రం తిరుగు బస్సు. కండక్టరు టికెట్టు కొట్టి, మిగతా డబ్బులు తర్వాత ఇస్తానని వెనక వైపు 35 అని రాసి సున్నా చుట్టాడు. దిగే ముందు గుర్తుచేస్తే, "అరవై అయిదుకు అయిదు, డెబ్బై. ముప్పై, నూరు" అంటూ లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. మాస్టారు నవ్వుకున్నారు.

లాడ్జి గదిలో ఆయన అదే టికెట్టు తిరగేసి పెన్ను తీశారు. పైన ఆ పాప గీసిన గంతుల గీత గీశారు. దాని కింద వంద నోట్లు అయిదు వేసి, ఒకదాన్ని పది పదులుగా, అందులో ఒక పదిని పది ఒకట్లుగా విడగొట్టి, నాలుగు వందలు, తొమ్మిది పదులు, పది ఒకట్లు అని రాశారు. అందులోంచి 278 తీసేస్తే మిగిలింది ఆ 222 రూపాయలే. పైదాని నుంచి కిందిదానికి బాణం గుర్తు వేసి, ఫోన్లో ఫొటో తీసి టీచరమ్మకు పంపారు. "రెండింటికీ మార్కులు వేయండి. ముందు పైది చేయించి, తర్వాత కిందిది చూపించండి."

కాసేపటికి నీలం టిక్కులు పడ్డాయి. ఆ వెంటే జవాబు వచ్చింది.

"రేపు పిల్లలతో చేయిస్తాను సార్. మార్కుల సంగతి ఎంఈఓ గారిని అడగాల."